తొమ్మిదో గడి

మేనేజర్‌కు ఫోనులో వినిపించిన మాట "పేచీ".

ఉదయం ఎనిమిదిన్నరకు, నోట్లో బ్రష్షు, చేతిలో ఫోను పెట్టుకుని విన్నాడు. అవతల పిన్ని. ఇవాళ కవరు విప్పితే బయటపడేది ఒక్కటే మాటనీ, రాబోయే కాలమంతా ఇక అదేననీ చెప్పి, ఆ మాట రెండుసార్లు పలికింది. రెండుసార్లూ అతనికి పేచీ అనే వినపడింది. మళ్ళీ అడుగుదామనుకునేలోగా లైను తెగింది. ఇంటింటికీ ఇంటర్నెట్ లైన్లిచ్చే కంపెనీకి మేనేజరై ఉండి సొంతింట్లో లైను నిలవకపోవడమేమిటని మీరు అడగవచ్చు. ఆ ఫిర్యాదు పిన్ని పుస్తకంలో ఇప్పటికి మూడుసార్లు ఎక్కింది.

మేనేజర్ నోరు పుక్కిలించి మూడు పనులు చేశాడు. నాలుగో అంతస్తు మీటింగు గది గుమ్మం దగ్గరికి ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళను పంపమన్నాడు. బల్ల మీది గాజు గ్లాసులు తీయించి కాగితం కప్పులు పెట్టించాడు. పిన్ని కుర్చీని సలహాదారు కుర్చీకి వీలైనంత దూరంగా జరిపించాడు. ఆవిడ విసిరినా తగలనంత దూరమన్నమాట. పిన్ని జన్మలో ఎవరి మీదికీ ఏదీ విసరలేదు, చమత్కారం తప్ప. అదైతే దూరంతో సంబంధం లేకుండా తగులుతుంది.

కిందటి వారం రెండు కవర్లూ బీరువాలో ఉండగా మనం లేచి వెళ్ళాం. వాటి సంగతి ఇంకోసారి చెప్పుకుంటే కొత్తగా వచ్చినవాళ్ళకు కూడా కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

మూడు నెలల కిందట కంపెనీకి ఒక సలహాదారు వచ్చాడు. ఇంటర్నెట్ ఎటు పోతుందో, దాని వెనకాల లోకం ఎటు పోతుందో ముందుగా చెప్పడం ఆయన ఉద్యోగం. ఏమడిగినా "రేపటికి వస్తే" అని మొదలుపెడతాడు కనక ఆఫీసు ఆయనకు రేపటాయన అని పేరు పెట్టింది. మంచివాడే. నిన్నటి మీద కోపం లేదు, ఇవాళ్టి మీద పట్టింపు లేదు.

ఆయన మొదటి సలహా ఫిర్యాదుల గది మూసెయ్యమని. ఆ గదిలో ఆరుగురు మనుషులు, ఆరు కుర్చీలు, చెవులకు తగిలించుకునే ఆరు హెడ్‌ఫోన్లు. వాళ్ళ బదులు ఒక మాటల యంత్రం వస్తుంది. దానికి గొంతు కూడా కుదిర్చేశారు. కంపెనీ యజమానురాలు పెద్దావిడ గొంతు. "దయచేసి లైనులో ఉండండి" అంటూ ఇరవై ఏళ్ళుగా అందరి చెవుల్లో మోగుతున్న రికార్డు ఆవిడదే. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. భర్త నిచ్చెన పట్టుకుంటే తాను ఎక్కి స్తంభాలకు తీగలు కట్టిన నాటినుంచి కంపెనీ ఆవిడ చేతుల్లోనే ఉంది.

ఇక పిన్ని. ఫిర్యాదుల గదికి ఇరవై ఆరేళ్ళుగా పెద్ద దిక్కు. మేనేజర్ తల్లికి సొంత చెల్లెలు. తొమ్మిదేళ్ళ కిందట అతను ఉద్యోగంలో చేరిన రోజున ఆ గది గుమ్మంలో నిలబడి, ఇంట్లో అన్నట్టే, "పిన్నీ, మంచినీళ్ళెక్కడ?" అన్నాడు. ఆ పూటనుంచి ఆవిడ అసలు పేరు హాజరు పట్టీ దాటి బయటికి రాలేదు. వైరు మోసేవాళ్ళకు పిన్ని. లిఫ్టు మరమ్మతు చేసే ఆయనకు పిన్ని. వయసులో ఇరవై రెండేళ్ళు పెద్దయిన పెద్దావిడకు కూడా పిన్నే.

గది మూసేముందు ఒక పరీక్ష పెట్టమని పిన్ని అడిగింది. మూడు నెలల్లో ఏం జరగబోతుందో రేపటాయన ఒక కవరులో, తానొక కవరులో రాసి పెడతారు. ఎవరిది నిజమైతే వారి మాట చెల్లుతుంది. పిన్ని ఓడితే ఆరుగురూ ఆ మధ్యాహ్నం పన్నెండు గంటలకే కుర్చీలు ఖాళీ చెయ్యాలి. ఉత్తర్వు మీద సంతకం మేనేజర్ పెట్టాలి. అంటే పిన్నిని ఇంటికి పంపే సంతకం అక్క కొడుకుది. రెండు వారాలుగా అతను పిన్నింటికి భోజనానికి వెళ్ళడం మానేశాడు. ఆవిడ మాత్రం డబ్బాలో పెట్టి బల్ల మీదికి పంపడం మానలేదు. అది ఇంకా పెద్ద శిక్ష.

అలా ఇవాళ్టికి వచ్చాం. పదకొండు గంటలు. మీటింగు గది.

పిన్ని లోపలికి వస్తూ గుమ్మం దగ్గర ఆగింది. సెక్యూరిటీ ఇద్దరిలో పొడుగాయనను, మీ ఇంట్లో వాన పడితే పోయే లైను ఇప్పుడెలా ఉందని అడిగింది. పొట్టాయనను, మీ ఆవిడ ఆన్‌లైను క్లాసులు మొదలయ్యాయా అని అడిగింది. ఇద్దరూ పేచీని ఆపడానికి వచ్చిన సంగతి మరిచిపోయి ఆవిడకు కుర్చీ లాగి వేశారు. మేనేజర్ అది చూసి కాగితం కప్పులో నీళ్ళు తాగాడు.

పిన్ని వెనకాల దగ్గు మాస్టారు వచ్చాడు. బడిలో రిటైరై ఫిర్యాదుల గదిలో చేరిన మనిషి. ఫోను తీసే ముందు ఒకసారి దగ్గుతాడు. అవతలివాళ్ళు ఆ దగ్గు వినగానే నిటారుగా కూర్చుంటారని గదిలో ఒక నమ్మకం. ఆయన చంకలో లావాటి పుస్తకాలు మూడు ఉన్నాయి.

పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని మొదటి కవరు చింపింది. రేపటాయన రాసిన రెండు వాక్యాలు పైకే చదివింది. మూడు నెలల తరవాత మనుషులతో మాట్లాడటానికి వచ్చే ఫోన్లు నలభై శాతం తగ్గుతాయి. జనానికి కావలసింది జవాబు, జవాబు చెప్పే మనిషి కాదు.

రేపటాయన లేచి తెర మీద గీత చూపించాడు. ఒడ్డునుంచి ఏట్లోకి దిగినట్టు నెమ్మదిగా దిగింది. మూడు నెలల కిందట నెలకు ఎనిమిది వేల ఫోన్లు, కిందటి నెల నాలుగు వేల ఎనిమిది వందలు. సరిగ్గా నలభై శాతం. ఎక్కువా లేదు, తక్కువా లేదు. గది చప్పట్లు కొట్టింది. గీత పడిపోయినందుకు చప్పట్లు పడటం ఆ కంపెనీ చరిత్రలో అదే మొదలు.

"రేపటికి వస్తే, మనిషి గొంతు ఒక పాత అలవాటుగా మిగిలిపోతుంది" అన్నాడు రేపటాయన. మన ఉత్తరాలు యంత్రం రాస్తుందనీ, అవతలివాళ్ళ యంత్రం చదివి జవాబిస్తుందనీ, మధ్యలో మనుషులకు బోలెడు తీరిక దొరుకుతుందనీ వివరించాడు. ఆయన చెబుతుంటే ఆ తీరికలోకి వెళ్ళి పడుకోవాలనిపించింది కొందరికి.

మేనేజర్ ఉత్తర్వు కాగితం ముందుకు లాక్కున్నాడు. కలం మూత తీశాడు. పిన్ని వైపు చూడకూడదని తీర్మానించుకుని కాగితం వైపు చూశాడు. అక్కడ కూడా పిన్నే ఉంది, హాజరు పట్టీలోని అసలు పేరుతో.

"నా కవరు విప్పేముందు ఒక్క సంగతి అడగొచ్చా అమ్మా?" అంది పిన్ని.

మేనేజర్ కళ్ళు మూసుకున్నాడు. పేచీ మొదలైందనుకున్నాడు.

"సార్, ఫోన్లు సగానికి దగ్గరగా పడిపోతే మా గొంతులెందుకు పడిపోయినట్టు?"

మాట పూర్తవగానే దగ్గు మాస్టారు దగ్గాడు. ఈసారిది అలవాటు దగ్గు కాదు, సాక్ష్యం. మూడు నెలలుగా గదిలో టీ చల్లారకుండా తాగినవాళ్ళు లేరని పిన్ని చెప్పింది. తగ్గిన ఫోన్లు ఎక్కడ తగ్గాయో తమకు కూడా చూపిస్తే వెళ్ళి అక్కడ కూర్చుంటామంది. నవ్వులు లేచాయి. రేపటాయన నవ్వలేదు. లెక్కలు తెలిసిన మనిషికి లెక్క తప్పిన వాసన ముందుగా తగులుతుంది.

ఫిర్యాదుల గది గోడకు ఒక నల్ల పెట్టె ఉంది. పెద్దావిడ భర్త స్వయంగా బిగించినది. ఫోను మోగినప్పుడల్లా అందులో అంకె ఒకటి కదులుతుంది, అంతే. దానికి తెర లేదు, పాస్‌వర్డు లేదు కనక అందరూ దాని ఉనికే మరిచిపోయారు. పిన్ని మాత్రం ప్రతి నెలా ఒకటో తారీకున దాని అంకె రాసుకుని మళ్ళీ సున్నాకు తిప్పేస్తుంది. ఆ కాగితం ఇప్పుడు బల్ల మీద పెట్టింది. మూడు నెలల కిందట తొమ్మిది వేలు. కిందటి నెల పన్నెండు వేలు.

రేపటాయన తెర వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. పన్నెండు వేలలో నాలుగు వేల ఎనిమిది వందలు తీసేస్తే ఏడు వేల రెండు వందలు. అన్ని ఫోన్లు ఏమయ్యాయని మేనేజర్‌ను అడిగాడు.

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. మీటింగుల్లో పిన్నిని పిన్నీ అని పిలవకూడదని తనకు తాను పెట్టుకున్న నియమం అప్పుడే గాలికి పోయింది.

"తొమ్మిదులు పిన్నీ. నేనే తీసేశాను."

ఈ తొమ్మిదుల కథ ఏమిటంటే, ఫిర్యాదుల గదిలో ప్రతి ఫోనూ అయిపోయాక తెర మీద ఒక గడి నొక్కాలి. ఒకటి, లైను పోయింది. రెండు, వేగం లేదు. అలా ఎనిమిది దాకా వరసగా కష్టాలు. తొమ్మిదో గడి ఇతరములు. ఫోను నాలుగు నిమిషాలు దాటిందంటే మాత్రం ఎవరూ నొక్కకుండానే తెర తొమ్మిదిని వెలిగించేస్తుంది. నాలుగు నిమిషాల్లో తేలని మాట తేలే మాట కాదని ఆ తెర తయారు చేసినవాళ్ళ అభిప్రాయం. రేపటాయన లెక్కలు అడిగిన రోజున మెయిలులో, చెత్త ఏరేసి పంపండి అని రాశాడు. మేనేజర్ బుద్ధిగా తొమ్మిదో గడి మొత్తం ఊడ్చేసి మిగిలింది పంపాడు. అప్పట్లో తొమ్మిదులు నెలకు వెయ్యే. ఊడ్చినా తేడా కనపడలేదు. తరవాత రెండు నెలలూ కొత్తగా వచ్చినవి కూడా అదే చీపురుకు పోయాయి.

"అంటే గంటలకొద్దీ మాట్లాడినవాళ్ళు చెత్తలోకి పోయారు, రెండు ముక్కలు మాట్లాడినవాళ్ళు గీతలోకి ఎక్కారు" అంది పెద్దావిడ నిదానంగా.

పిన్ని రేపటాయనను తప్పుపట్టలేదు. ఆయన జోస్యం తప్పు కాదు, సగం అంది. పాస్‌వర్డు మరిచినవాళ్ళు, వేగం తగ్గినవాళ్ళు ఇప్పుడు కంపెనీ సైటులోనే జవాబు చూసుకుంటున్నారు. వాళ్ళు నిజంగానే తగ్గారు, తగ్గాలి కూడా.

"జాబితాలో ఉన్నది అడిగేవాళ్ళు నిన్నటి అవసరంతో వస్తారు సార్. జాబితాలో లేనిది అడిగేవాళ్ళే రేపటివాళ్ళు. మీరు ఇతరం అని ఊడ్చేసింది, ఈ తరం."

గదిలో ఎవరో ఈల వెయ్యబోయి పెద్దావిడను చూసి ఊదడంతో సరిపెట్టుకున్నారు.

దగ్గు మాస్టారు మూడు పుస్తకాలూ బల్ల మీద దించాడు. జాబితాలో ఇమడని ఫోను వచ్చిన ప్రతిసారీ, అంటే ఇప్పటి లెక్కలో తొమ్మిదో గడి వెలిగిన ప్రతిసారీ, ఫోను పెట్టేశాక ఆ మనిషి ఏం అడిగారో ఒక్క ముక్కలో రాయాలని పిన్ని ఇరవై ఆరేళ్ళ కిందట పెట్టిన పద్ధతి. కంప్యూటర్లు వచ్చాయి, మారాయి, మళ్ళీ వచ్చాయి. పుస్తకం మాత్రం కదలలేదు. పెద్దావిడ చేతికందిన పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టింది.

ఒక తల్లి. కూతురి గొంతుతో ఫోను వచ్చింది, ముద్దుపేరుతో సహా అన్నీ సరిగ్గా పలికింది. కానీ మా అమ్మాయి ఎప్పుడూ మాట మధ్యలో పెట్టేస్తుంది, ఇది చివరిదాకా మర్యాదగా మాట్లాడింది. అది మా అమ్మాయేనా, మీరు చెప్పగలరా?

తాళాలు బాగుచేసే ఆయన. నెట్టులో రెండు వందల మంది నా పనిని మెచ్చుకున్నారు. అందులో ఒక్కడి తాళమూ నేను చూడలేదు. తిట్టినా ఫరవాలేదు, నిజంగా ఉన్న మనిషి ఒకడు తిట్టాలి.

బడి పంతులమ్మ. ముప్పై రెండు వ్యాసాలు వచ్చాయి, ముప్పై రెండూ బాగున్నాయి. నాకు భయంగా ఉంది.

మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే తాతగారు. మా వీధివాళ్ళు తప్ప ఇంకెవరూ దూరలేని చిన్న నెట్టు ఒకటి ఉందా? ఎంత చిన్నదైనా సరే, అందులో మాట్లాడేవాడు ఎదురుపడితే గుర్తుపట్టగలగాలి.

పెద్దావిడ పేజీలు తిప్పుతూ పోయింది. చదివేకొద్దీ ఆవిడ గొంతు నెమ్మదించింది. అందరికీ తెలిసిన ఆ లైనులో ఉండండి గొంతు, మొదటిసారి తానే లైనులో ఉండి వింటున్నట్టుంది. రేపటాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆవిడ భుజం మీదుగా తానూ చదవసాగాడు. మేనేజర్ ఎంతో కష్టపడి ఏర్పాటు చేసిన దూరం అలా చెరిగిపోయింది.

అయితే ఏం జరగబోతుందో మీరే చెప్పండి పిన్నిగారూ అని రేపటాయన అడిగాడు. అందులో వెటకారం లేదు. దాహం ఉంది.

పిన్ని కాసేపు చేతిలోని కాగితం కప్పు తిప్పింది.

"ఇన్నాళ్ళూ నెట్టు దూరాన్ని నెట్టింది. ఎక్కడివాళ్ళో వచ్చి మన చెవిలో కూర్చున్నారు, బాగానే ఉంది. ఇప్పుడు చెవిలో కూర్చున్నది ఎవరో తెలియకుండా పోయింది. ఇక జనం ఎంత వేగం అని అడగరు సార్, ఎవరు అని అడుగుతారు. ప్రతి వీధిలోనూ, ఇది ఫలానా వాళ్ళ మాటే, నాకు తెలుసు అని నిలబడి చెప్పే మనిషి కావాలి. మాట్లాడే యంత్రాలు పెరిగేకొద్దీ మాట మీద నిలబడేవాళ్ళకు గిరాకీ. మా గదిలో ఆరుగురం చాలం. అరవైమంది పడతారు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొందరు తమ ఫోన్లు తీసి, ఇంట్లో ఎవరికో ఏదో చెప్పాలనుకున్నట్టు చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

పెద్దావిడ రెండో కవరు చింపింది. మూడు నెలల కిందటి తేదీ, కింద పిన్ని సంతకం. మధ్యలో పెద్ద అక్షరాలతో ఒక్క మాట. దాని కింద ఒక వాక్యం. ఆవిడ ఆ మాట పలికింది.

"పూచీ."

తరవాత వాక్యం చదివింది. జనం జవాబు అడగరు, జవాబుకు పూచీ ఎవరని అడుగుతారు, ఆ ఒక్క మాట కోసం మనిషికే ఫోను చేస్తారు, ఫోన్లు పెరుగుతాయి.

రేపటాయన అందరికంటే ముందు లేచి నిలబడ్డాడు. చప్పట్లు ఆయనే మొదలుపెట్టాడు. తన గీత పడిపోయినప్పటికంటే గట్టిగా కొట్టాడు. సోమవారం నుంచి ఒక వారం తొమ్మిదో గడి ఫోన్లు తనకే ఇవ్వమనీ, ఆ తరవాతే రేపటి గురించి నోరు తెరుస్తాననీ పిన్నిని అడిగాడు. పిన్ని ఒప్పుకుంది. టీ చల్లారాకే తాగాలి, అది మా గది నియమం అంది.

పెద్దావిడ మేనేజర్ ముందున్న ఉత్తర్వు తీసుకుని రెండుగా చింపింది. రెండు ముక్కలూ కలిపి నాలుగు చేసింది. ఫిర్యాదుల గది ఇక వెనకవైపు ఉండదంది. కింది అంతస్తులో, వీధిలోకి కిటికీ ఉన్న ముందు గదిలో ఉంటుంది. ఫోను చెయ్యడం రానివాళ్ళు కూడా కిటికీ దగ్గరికి వచ్చి అడగవచ్చు. ఆరు కుర్చీలకు ఇంకో ఆరు వేస్తారు. గుమ్మం మీద ఫిర్యాదులు అన్న పలక తీసేసి, కవరులోని ఆ ఒక్క మాటే రాయిస్తారు. దగ్గు మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, కాస్త ఎక్కువసేపే.

అన్నీ సద్దుమణిగాయనుకున్నప్పుడు గుమ్మం దగ్గర పొడుగాయన చెయ్యెత్తాడు. తామిద్దరినీ దేనికి పిలిపించారో ఇప్పటికైనా చెబితే వెళ్ళి గేటు చూసుకుంటామన్నాడు. అప్పుడు అందరి చూపులూ కాగితం కప్పుల మీద, దూరంగా జరిపిన కుర్చీ మీద పడి, చివరికి మేనేజర్ మీద ఆగాయి.

ఇక తప్పలేదు. బ్రష్షు, తెగిన లైను, రెండుసార్లు విన్న మాట, అన్నీ చెప్పాడు. పిన్ని పూచీ అంటే తాను పేచీ అని విన్నాననీ, కుర్చీలు ఎగురుతాయనుకున్నాననీ, గ్లాసులు అందుకే తీయించాననీ ఒప్పుకున్నాడు. పెద్దావిడ నవ్వు కింది అంతస్తు దాకా వినపడింది. పొట్టాయన నవ్వలేక గోడకు ఆనుకున్నాడు.

పిన్ని మాత్రం అక్క కొడుకును వెనకేసుకొచ్చింది. "పూచీ లేకపోతే వచ్చేది పేచీయే కదరా నాన్నా. నువ్వు మరీ అంత తప్పేం వినలేదు. సాయంత్రం భోజనానికి రా. నీ లైను సంగతి కూడా తేలుద్దాం."

గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఏ గంటకు కుర్చీలు ఖాళీ కావాలో ఆ గంట. అది గుర్తొచ్చి అందరూ ఇంకోసారి నవ్వారు.

ఆ నవ్వు మధ్యలోనే బల్ల మీది ఫోను మోగింది. దగ్గు మాస్టారు అలవాటుగా దగ్గి తీశాడు. అవతల మాట వినగానే ఆయన నిటారుగా అయిపోయాడు. స్పీకరు మీట నొక్కాడు.

"పన్నెండయింది. ఫిర్యాదుల గది మూసేశారా? ఉత్తర్వు మీద మేనేజర్ సంతకం వెంటనే కావాలి."

నిదానమైన గొంతు. ఇరవై ఏళ్ళుగా అందరికీ తెలిసిన గొంతు. పెద్దావిడ గొంతు.

పెద్దావిడ బల్లకు ఈవల, చింపిన ఉత్తర్వు నాలుగు ముక్కలూ చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ పెదవులు కదల్లేదు.

అందరూ రేపటాయన వైపు తిరిగారు. ఆయన జేబు తడుముకున్నాడు. మాటల యంత్రాన్ని ఇంకా ఎవరూ ఆన్ చెయ్యలేదనీ, దాని తాళం తన జేబులోనే ఉందనీ మెల్లగా చెప్పి, తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

పెద్దావిడ తన గొంతును తానే ఇంకొక్క క్షణం విన్నది. తరవాత ఫోనును పిన్ని వైపు జరిపింది.

"అడుగు పిన్నీ. ఈ మాటకు పూచీ ఎవరో."